ఆగస్టు చూడని పెద్దమ్మ

న్యూ ఆర్లీన్స్, బర్గండీ వీధి
1878 జూలై 29

క్లేలీకి,

ముందు ముద్దులు, తరవాత చివాట్లు. లాంద్రీ వాళ్ళ పిల్లలకి పియానో నేర్పడానికి సరస్సు దాటి సెయింట్ ఎలోయి వెళ్ళిన దానివి, వెళ్ళేముందు ఇంట్లో ఒక బాంబు పెట్టి వెళ్ళావని నాకేం తెలుసు? మొన్న ఆదివారం నేను పూసలు గుచ్చుకుంటూ కూర్చుంటే తలుపు తట్టాడు నీ పీపాలవాడు. నీళ్ళపీపాలు చేసేవాడు కదా, సైప్రస్ చెక్క వాసన గుప్పుమంది. చేతిలో టోపీ, ఆ టోపీలో నాలుగు అత్తిపళ్ళు. పేరు లోరెంజ్ హాఫ్నర్ అట. నిన్ను పెళ్ళి చేసుకుంటాడట. నీకు ముందే తెలుసట.

నేను కేకలు వెయ్యలేదు. ఈ ఊళ్ళో ఆడపిల్ల ఉన్న ఏ ఇంట్లోనైనా అడిగే ప్రశ్నే అడిగాను, పచ్చజ్వరం ఒకసారి దాటినవాణ్ణి మళ్ళీ ముట్టదు కదా. "జ్వరం దాటావా?" అన్నాను. దాటాడట, పదకొండేళ్ళ కిందట గాల్వెస్టన్‌లో, పదిహేనేళ్ళ వయసులో. ఎవరు చూశారంటే పిన్నీ బాబాయీ అన్నాడు. వాళ్ళెక్కడ అంటే అదే వారంలో ఆ జ్వరానికే పోయారు అన్నాడు. పాపం అనిపించింది, కానీ సాక్షి లేని జ్వరం జ్వరమేనా? ఉద్యోగం కోసం ప్రతి పరదేశీ దాటానంటాడు. కోస్తే తెలుస్తుంది గుమ్మడికాయలో ఏముందో. వాడు పచ్చబడగా కళ్ళారా చూసిన మనిషిని తెమ్మన్నాను. అందాకా పెళ్ళీ లేదు గిళ్ళీ లేదు.

అంత రాతిగుండెదాన్నీ కాను. పెరటి గది అద్దెకిచ్చాను, కళ్ళముందుంటే గుణం తెలుస్తుందని. రాగానే ఏం చేశాడో తెలుసా, నిచ్చెన వేసుకుని మన నీళ్ళపీపా మూతికి గుడ్డ బిగించి మేకులు కొట్టాడు. నీళ్ళలో పురుగులు గంతులేస్తున్నాయట. నా చిన్నప్పటినుంచీ గంతులేస్తూనే ఉన్నాయి, వాటి ఇష్టం. నీళ్ళకి గాలాడాలని చెప్పి గుడ్డ పీకేశాను.

వచ్చే వారం నేనూ అక్కడికి బయల్దేరుతాను. ఈలోగా వాడికి ఉత్తరాలు రాయకు. రాసినా నాకు చూపిస్తాడు, అంత అమాయకుడు.

నీ పెద్దమ్మ,
ఒదాలీ


సెయింట్ ఎలోయి
ఆగస్టు 5

పెద్దమ్మా,

నీ ఉత్తరం జల్లెడై వచ్చింది. ఇక్కడి పోస్టుమాస్టరు ఒక చెక్కకి మేకులు దిగ్గొట్టి, న్యూ ఆర్లీన్స్ నుంచి వచ్చే ప్రతి ఉత్తరాన్నీ దాంతో ఫెడీఫెడీ బాది, ఆ చిల్లుల్లోంచి గంధకం పొగ పడుతున్నాడు. లోపలి జ్వరం చచ్చిపోతుందట. పందొమ్మిది చిల్లులు లెక్కపెట్టాను. అన్నీ చివాట్ల మీదే పడ్డాయి, ముద్దులు క్షేమంగా చేరాయి. మీ ఊళ్ళో జ్వరం మొదలైందని మాకు ఆ పొగ వల్లే తెలిసింది.

ఇంకో సంగతి, నవ్వు రాదు దీనికి. నిన్నటినుంచి రేవు మూసేశారు. మీ ఒడ్డునుంచి పడవ వస్తే కాల్చేస్తామని ఆరుగురు తుపాకులు పట్టుకుని కూర్చున్నారు. వాళ్ళలో ఒకడు మంగలి, తుపాకీని కత్తిలా పట్టుకున్నాడు. అయినా మంగలి చేతిలో చావడం ఎందుకు, నువ్వు రావద్దు. కానీ పెద్దమ్మా, ఆగస్టులో నువ్వు అక్కడా, నేనిక్కడా ఎప్పుడైనా ఉన్నామా? నాకేదో దిగులుగా ఉంది.

లోరెంజ్ మాట. నవంబరు పదికి నాకు పాతికేళ్ళు నిండుతాయి. ఇరవయ్యైదో తారీకు సెయింట్ కేథరిన్ పండగ. పాతికేళ్ళొచ్చినా పెళ్ళికాని వాళ్ళ నెత్తిన ఆ రోజు పెట్టే ఆకుపచ్చ టోపీ నీకు తెలుసు, పోయినేడు పాపం జెర్మేన్‌కి పెట్టినప్పుడు పగలబడి నవ్విందానివి నువ్వే. నా నెత్తిన ఆ టోపీ పడకూడదు. నాకు లోరెంజ్ కావాలి. అబద్ధం చెప్పడం వాడికి చేతకాదు, నేర్పుదామని నేనే రెండుసార్లు ప్రయత్నించాను.

నీకు మనసు మారితే మేలిముసుగుకి నాలుగు గజాల తెల్ల వలగుడ్డ చూసి ఉంచు. మారకపోయినా ఉంచు.

నీ క్లేలీ


బర్గండీ వీధి
ఆగస్టు 15

క్లేలీ,

వలగుడ్డ లేదు. ఊళ్ళో ఏ కొట్లోనూ లేదు. ఓడలు నది సముద్రంలో కలిసేచోటే ఆగిపోతే గుడ్డలు ఈదుకుంటూ వస్తాయా? అయినా పెళ్ళే లేదు, ముసుగెవరికి? ఆ మాట మళ్ళీ ఎత్తకు.

ఇక్కడ మాకేం, దివ్యంగా ఉన్నాం. మురిక్కాలవల నిండా కార్బాలిక్ పోస్తున్నారు, ఊరంతా ఆసుపత్రి కంపు. దీపస్తంభాలకి నల్లంచు చావు కాగితాలు ఒకదాని మీద ఒకటి అంటించి అంటించి స్తంభాలు లావెక్కాయి. నాకు చేతినిండా పని. సమాధులకి నేను కట్టే పూసల దండలు మామూలుగా నవంబరు ఒకటికి, పోయినవాళ్ళ పండగకి అడుగుతారు. ఇప్పుడు రోజూ అడుగుతున్నారు. పెద్దవాళ్ళకి నల్లపూసలు, పిల్లలకి తెల్లవి. నల్లవి ఇంకా ఉన్నాయి, తెల్లవి అయిపోయాయి. రొట్టెల అనాతోల్ చిన్నకూతురికి నీలం కలిపి కట్టిచ్చాను. నీకు గుర్తుందా, మన గుమ్మంలో కూర్చుని పూసలు మింగేది. ఇంక రాయను.

మన సంగతికి భయపడకు. ఇది పరదేశుల జ్వరం. మనం ఈ గడ్డమీద పుట్టినవాళ్ళం, మన మొహం చూసి అదే పక్కకి తప్పుకుంటుంది. నన్ను ఏడిపిస్తున్నవి దోమలే. ఈ ఏడు వాటికి పెళ్ళిళ్ళ కాలంలా ఉంది, నా చెవి దగ్గరే బాజాలు. పడుకున్నానంటే ఒళ్ళంతా దద్దుర్లు.

నీ పీపాలవాడు మళ్ళీ గుడ్డ బిగించాడు. నేను మళ్ళీ పీకాను. మూడోసారి బిగించి, నేను పీకుతుంటే పక్కనే నిలబడి నిచ్చెన పట్టుకున్నాడు, నేను పడతానేమో అని. మర్యాదస్తుడే. అలాగని సాక్షి మాట మరిచిపోయాననుకోకు.

ఒదాలీ


సెయింట్ ఎలోయి
ఆగస్టు 24

పెద్దమ్మా,

కూర్చుని చదువు. పక్కన లోరెంజ్ ఉంటే వాణ్ణీ కూర్చోమను.

నిన్న రేవులో ముసలి జెనోన్ కనబడ్డాడు, నలభై ఏళ్ళబట్టీ సరస్సు మీద పడవ నడుపుతున్నవాడు. పడవ లేక ఏమీ తోచక కథలు చెబుతున్నాడు. "మీ పెద్దమ్మ రాని మొదటి ఎండాకాలం ఇది" అన్నాడు. ఒక్కటి కూడా తప్పలేదా అంటే జ్వరం ఊరిని ఊడ్చేసిన ఏళ్ళన్నీ వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. నలభై ఏడులో నువ్విక్కడ. యాభై మూడులో అమ్మతో ఇక్కడ. యాభై ఎనిమిదిలో నన్ను చంకనేసుకుని ఇక్కడ. అరవై ఏడులో ఇక్కడ. జూలైలో దాటిస్తాడు, మంచు పడి జ్వరం ఆగాక వెనక్కి దింపుతాడు. అంతకుముందు మీ వాళ్ళని దాటించింది జెనోన్ వాళ్ళ నాన్నేనట, పొత్తిళ్ళలో ఉన్న నిన్ను కూడా ఎక్కించుకున్నాడట.

పెద్దమ్మా, నువ్వు పుట్టింది న్యూ ఆర్లీన్స్‌లోనే. కానీ యాభై ఆరేళ్ళలో ఆ ఊళ్ళో ఒక్క ఆగస్టు నెలైనా చూశావా? జ్వరం నీ మొహం చూసి తప్పుకోవడానికి దానికి నీ మొహం ఎప్పుడు కనబడింది? లోరెంజ్‌ని సాక్షి అడుగుతున్నావు, నీ సాక్షి ఎవరు? గురివింద తన కింద నలుపు ఎరగదని నాకు చెప్పినదానివి నువ్వే.

నవ్వుతూ రాద్దామనుకున్నాను, నా వల్ల కాలేదు. తలుపులు వేసుకో. నలతగా ఉంటే లోరెంజ్‌తో చెప్పు, వాడికి ఆ రోగం తెలుసు. బెట్టు చెయ్యకు.

ఇంకోటి. వలగుడ్డ లేదంటే లేదనే రాయాలిగానీ "ముసుగెవరికి" అని రాస్తావా? రెండు రోజులు అలిగాను. ఇప్పుడు అలగడానికి తీరిక లేదు.

క్లేలీ


బర్గండీ వీధి
ఆగస్టు 31

ఓసి గడుగ్గాయీ,

నా పుట్టుక మీద పడవవాడితో విచారణ జరిపిస్తావా? డుమేన్ వీధిలో పుట్టాను. కెథీడ్రల్‌లో బాప్తిస్మం నీళ్ళు చల్లించుకున్నాను. నా రక్తంలో ఈ నది బురద ఉంది. నెల నెలా హాజరు వెయ్యడానికి ఇదేమన్నా బడా?

నీ ఉత్తరం లోరెంజ్‌కి చదివి వినిపించాను, నవ్వుతాడని. నవ్వలేదు. నా కళ్ళలోకి చూసి ఎర్రగా ఉన్నాయేమిటన్నాడు. రోజంతా పూసలు గుచ్చితే ఎర్రబడవా? నడుం కాస్త పట్టేసింది, తల కాస్త దిమ్ముగా ఉంది. వయసు. వాడు నారింజాకు కషాయం పెట్టి తెచ్చాడు. వాడి తృప్తి కోసం తాగాను.

నువ్వడిగావు కాబట్టి ఒకటి చెబుతాను, ఇన్నేళ్ళూ చెప్పలేదు. మీ నాన్న ఓగుస్త్ ఫ్రాన్సు నుంచి వచ్చి ఏడాదైనా కాకుండా మీ అమ్మని చేసుకున్నాడు. అమ్మా నాన్నా లేరు, ఇంటికి పెద్దదాన్ని నేను. అతను మంచి పాటగాడు, మీసాలు చూసి నేనే మురిసిపోయాను. జ్వరం దాటావా అని అడగడం మర్చిపోయాను. యాభై మూడు జూలైలో కడుపుతో ఉన్న మీ అమ్మని తీసుకుని నేను పడవెక్కాను. చేతిలో పని ఉంది, వారంలో వస్తానని రేవులో నిలబడి చెయ్యూపాడు. ఆ ఎండాకాలం ఎనిమిది వేల మందిని పూడ్చారు. అందులో అతనెక్కడున్నాడో వెతుక్కోవడానికి మాకు మంచు పడేదాకా ఆగాల్సొచ్చింది. అందుకే అడుగుతున్నానే తల్లీ. మీసాలు చూసి రెండోసారి మోసపోలేను. మీ అమ్మ పోయేదాకా ఏడ్చిన ఏడుపు నేను విన్నాను, నీది వినలేను.

తల మరీ దిమ్ముగా ఉంది. ఇక్కడితో ఆపుతాను.

ఒదాలీ


బర్గండీ వీధి
సెప్టెంబరు 4

క్లేలీకి,

పెద్దమ్మ రాయునది. నేను పూర్తి ఆరోగ్యంగా ఉన్నాను. లోరెంజ్‌కి మాత్రం జ్వరం తగిలింది, చూశావా, నేను చెప్పలేదూ, వాడు దాటనే లేదు. మంచం మీద మూలుగుతున్నాడు. పాపం నేనే ఆవాల నీళ్ళలో కాళ్ళు పెట్టించి, ఆముదం పట్టించి, దుప్పట్లు కప్పి చూసుకుంటున్నాను. ఈ గడ్డమీద పుట్టినదాన్ని కాబట్టి నాకేం కాదు. నువ్వు కంగారు పడకు. జవాబు రాయకు. రాస్తే నాకు చదవాలనిపిస్తుంది, చదివితే తల పగిలిపోతుంది. కాదు, ఆ ఆఖరి మాట కొట్టెయ్యి. కొట్టేశావా? చూపించు.

నీ ఒదాలీ

మదాం చెప్పింది చెప్పినట్టు రాశాను, కొట్టెయ్యమన్నది చూసుకోలేదు, క్షమించాలి. నేను నిలబడే రాస్తున్నాను. మదాం మంచానికి దోమతెర లేదు. ఎక్కడుందని అడిగితే నోరుమూసుకోమన్నారు. నాది తెచ్చి కట్టాను. ఇవాళ అయిదో రోజు.
లో. హా.


సెయింట్ ఎలోయి
సెప్టెంబరు 10

పెద్దమ్మా, లోరెంజ్, ఇద్దరికీ,

మూలుగుతున్నవాడి చేతిరాత ముత్యాల్లా ఉంటే, పూర్తి ఆరోగ్యంగా ఉన్న మనిషి పెన్ను ముట్టుకోలేదేం? అబద్ధం చెప్పడానికి అబద్ధం రానివాణ్ణి రాయసగాడిగా పెట్టుకున్న మొదటి మనిషివి నువ్వే పెద్దమ్మా. నవ్వొచ్చింది. నవ్వుతూనే లాంద్రీ వాళ్ళ వంటింట్లో నేలమీద కూలబడ్డాను.

మర్నాడు తెల్లారకముందే ఒక పుట్టి ఎత్తుకుపోయాను. ఎత్తుకుపోవడం అంటే దొంగతనమే. రెల్లు దాటి యాభై గజాలు వెళ్ళానో లేదో ఇరుక్కుంది. మంగలి మోకాలిలోతు బురదలోకి దిగి, తుపాకీ నెత్తిన పెట్టుకుని, నన్ను ఒడ్డుకి లాక్కొచ్చాడు. "అటువైపు నుంచి వచ్చేవాళ్ళని కాల్చమన్నారు, ఇటునుంచి పోయేవాళ్ళని ఏం చెయ్యాలో చెప్పలేదమ్మా" అన్నాడు. అతని తమ్ముడు మెంఫిస్‌లో ఉన్నాడట, అక్కడ పూడ్చడానికి కూడా మనుషులు మిగల్లేదట, మూడు వారాలుగా కబురు లేదట. ఇద్దరం బురదలో కూర్చుని ఏడ్చాం.

పెద్దమ్మా, నాకు పెళ్ళి వద్దు. ఆకుపచ్చ టోపీ తీసుకురా, నేనే పెట్టుకుంటాను, బతికున్నన్నాళ్ళూ పెట్టుకుంటాను, అందులోనే పడుకుంటాను. నువ్వుండు చాలు. లోరెంజ్, ఆవిడ తిడుతోందంటే బాగున్నట్టు. మంచిగా మాట్లాడిందంటే డాక్టర్ని పిలువు.

క్లేలీ


బర్గండీ వీధి
అక్టోబరు 6

క్లేలీ,

ఇది నా చేతిరాతే. కోడి గీకినట్టుంటే అది కోడి తప్పు కాదు, జ్వరం తప్పు. బతికాను.

అద్దంలో చూసుకున్నాను, మాగిన నిమ్మపండునే. ఆరో రోజు జ్వరం దిగిపోతే అయిపోయిందనుకుని వంకాయ కూర అడిగాను. లోరెంజ్ పెట్టలేదు. ఇదే మోసం మదాం, తగ్గినట్టే తగ్గుతుంది, మా బాబాయి అలాగే లేచి భోంచేశాడు అన్నాడు. నేను వాణ్ణి పీపాలవాడా అని తిట్టాను. ఆ సాయంత్రమే నల్ల వాంతి. తరవాత పది రోజులు నాకు తెలియవు. పళ్ళెం పట్టింది వాడు, నోరు తుడిచింది వాడు, ఫాదరుని పిలిచి గుమ్మంలో నిలబెట్టి, మళ్ళీ వద్దులెండి అని పంపేసింది కూడా వాడే. డాక్టరు బెల్లొక్ మూడుసార్లు వచ్చాడు. నాలుగోసారి ఆయన కూతురొచ్చి, నాన్నగారు పోయారు, పోయేముందు మదాంకి ఎలా ఉందో కనుక్కోమన్నారు అంది. ఆయన దండ నేనే కట్టాలి, ఇంకా వేళ్ళు వంగడం లేదు.

ఇప్పుడు అసలు సంగతి. కళ్ళు తెరిచేసరికి నా సవరం కుర్చీ వెన్నుకి వేలాడుతోంది. ఇరవై ఏళ్ళుగా నువ్వు కూడా చూడని నా నెత్తిని ఆ మనిషి పదహారు రోజులు చూశాడు. పైగా దువ్వాడట. సిగ్గుతో చచ్చిపోదామనుకున్నాను, అప్పుడే చావు తప్పించుకున్నాను కనక బాగుండదని ఊరుకున్నాను. బాగా ఆలోచించాను. నన్ను సవరం లేకుండా చూసిన మగవాణ్ణి ఊళ్ళో స్వేచ్ఛగా తిరగనివ్వడానికి వీల్లేదు. ఇంటివాణ్ణి చేసుకోవాలి.

ఇక సాక్షి అంటావా. పదహారు రోజులు నా ఊపిరి పీల్చాడు, నా బట్టలు ఉతికాడు, వాడికి తుమ్మైనా రాలేదు. పదిహేనేళ్ళప్పుడు దాటానన్న మాట నిజం. దానికి సాక్షిని నేనే. నేనూ దాటానని వాడు సాక్షి. ఇంతకంటే బాగా కుదిరే జాతకాలు ఎక్కడ దొరుకుతాయి?

అల్లుడు పీపాకి గుడ్డ బిగించాడు. పీకలేదు. నిచ్చెనెక్కే ఓపిక లేదు.

నీ పచ్చ పెద్దమ్మ


సెయింట్ ఎలోయి
అక్టోబరు 14

నా బంగారు పెద్దమ్మా,

నిజంగానే బంగారం రంగులో ఉన్నావట కదా. ఉత్తరం పట్టుకుని వీధంతా పరిగెత్తాను. పోస్టుమాస్టరుకి ముద్దు పెట్టాను, ఆయన మేకుల చెక్క కింద పడేసుకున్నాడు. మంగలికి మాత్రం చెప్పలేదు. అతనికి మొన్న మెంఫిస్ నుంచి కబురొచ్చింది. తమ్ముడు లేడు. అతని దగ్గర కాసేపు కూర్చుని వచ్చాను.

మంచు పడగానే మొదటి పడవ నాది. జెనోన్ అప్పుడే తెరచాపకి మాసికలు వేస్తున్నాడు. ముసుగు గురించి దిగులు పడకు. మదాం లాంద్రీ తన భోజనాల గది కిటికీ తెర ఇస్తానంది. దానిమీద నెమళ్ళున్నాయి. నెత్తిన నెమళ్ళతో పెళ్ళాడిన మొదటిదాన్ని నేనే అవుతాను.

లోరెంజ్‌తో చెప్పు. ఏం చెప్పాలో నీకే తెలుసు. నా తరఫున ఎక్కువగా చెప్పకు.

నీ క్లేలీ


బర్గండీ వీధి
నవంబరు 3

క్లేలీ,

తెల్లారి లేచేసరికి పీపా మూత మీద తెల్లటి మంచు, పలచగా, పంచదార చల్లినట్టు. వీధిలో ఎవరో గంట కొడుతున్నారు, ఎవరో ఏడుస్తున్నారు, ఇద్దరూ ఒకే గుమ్మంలో. నాలుగు వేల మంది పోయారట మన ఒక్క ఊళ్ళోనే. రేవు తెరిచారని అల్లుడు చెప్పాడు. ఈ ఉత్తరానికి చిల్లులు పడవు, అందుకని ఒళ్ళు దగ్గర పెట్టుకుని రాస్తున్నాను.

మొన్న పోయినవాళ్ళ పండగకి నన్ను కుర్చీతో సహా మోసుకెళ్ళాడు. మీ నాన్న సమాధికి వాడే సున్నం వేశాడు. దండ నేను కట్టాను, వేళ్ళు వంగుతున్నాయి. అనాతోల్ పిల్ల సమాధి మీద నీలం పూసలు ఎండలో బాగున్నాయి. డాక్టరుగారి దగ్గర కాసేపు ఏడ్చాను. మీ నాన్న దగ్గర ఏడవలేదు. ఈసారి అడిగాను ఓగుస్త్, అన్నాను, అడిగే ఇస్తున్నాను.

ఇరవై మూడో తారీకున పెళ్ళి, సెయింట్ కేథరిన్‌కి రెండు రోజుల ముందు. టోపీ జెర్మేన్ దగ్గరే ఉంచమన్నాను.

ఆ నెమళ్ళ తెర మదాం లాంద్రీ కిటికీకే తగిలించి రా. నీ ముసుగు నా బీరువాలో ఉంది. ఆగస్టులో నువ్వడిగిన ఉత్తరం చేరిన రోజే మొదలుపెట్టాను. పెళ్ళి లేదని నీతో అంటూనే ఉన్నాను, చేతులు నా మాట వినలేదు. కొట్లలో వల దొరకలేదు కదా, నా మంచం దోమతెర తీసి కత్తిరించాను. పారిస్ వల అది, మా అమ్మది. అంచు చుట్టూ తెల్లపూసలు కుట్టాను. అవి అయిపోయాయని రాశానే, అబద్ధం, రెండు గుప్పెళ్ళు నీకోసం దాచాను. అనాతోల్ పిల్లకి అందుకే నీలం పడింది. దానికి చెప్పుకున్నాను.

లోరెంజ్‌కి నిన్న చూపించాను. ముసుగు చూసి మురుస్తాడనుకుంటే నా మొహం చూస్తూ నిలబడ్డాడు. దోమతెర లేకుండా ఎలా పడుకున్నారు అత్తయ్యా, అంటాడు. వెర్రివాడు. పోయిందేముంది, నెల రోజుల నిద్ర. ఆడపిల్ల పెళ్ళికి ఆమాత్రం చెయ్యకపోతే ఎలా? దోమలు కుడితే మనుషులు చస్తారా ఏమిటి?

త్వరగా రా.

నీ పెద్దమ్మ